గెలుపుకు భయపడ్డ గుండయ్య

మనిషి ఓటమికి భయపడతాడంటారు. ఉప్పుగూడ గుండయ్య గెలుపుకు భయపడ్డాడు. అది కూడా శత్రువుల గెలుపుకు కాదు, సొంత మొహల్లా ఫుట్‌బాల్ జట్టు గెలుపుకు.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ముక్కలు కాని రోజులవి. గుండయ్యది కల్లుగీత కుటుంబం. తండ్రి చెట్లెక్కీ దిగీ మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. కొడుకు చెట్టు జోలికి పోకుండా బాబురావు అనే గుత్తదారు కింద, ఉప్పుగూడ స్టేషను వెనకనున్న సేందీఖానా చూసుకునేవాడు. సేందీఖానా అన్న పేరులో ఉన్న నవాబీ దర్పం ఆ చోట్లో లేదు. మట్టి గోడల ఆవరణ, రేకుల పందిరి, నాపరాతి అరుగు, గోడ వెంబడి కల్లు కుండలు, వెనక ఒక గది. తెల్లవారేసరికి బండ్ల మీద ఈతకల్లు దిగేది. హమాలీలు పందిరి కింద బాహాటంగా తాగేవారు. ఆఫీసు గుమాస్తాలు గోడ వైపు తిరిగి తాగేవారు, ఆ గోడకు కళ్ళు లేవన్న ధీమాతో.

మద్యపానం మహాపాపమని సభల్లో చెప్పే పెద్దలు ఈ ఆవరణను నరకంతో పోల్చేవారు. వాళ్ళలో ఒక్కడూ లోపల అడుగు పెట్టినవాడు కాడు. మామూలు రోజుల్లో అక్కడ జరిగేది కొంచెం తాగుడు, బోలెడంత ముచ్చట. గుండయ్య భార్య బాలమ్మ శనగ గుడాలు ఉడకబెట్టి గేటు దగ్గర అమ్మేది. లొల్లి పెట్టినవాణ్ణి ఆమే బయటికి పంపేది. "ఇంటికి పో బిడ్డా, మీ అమ్మ యాదిజేస్తున్నది" అంటే ఎంతటి మొనగాడూ తల వంచుకుని పోయేవాడు.

గెలిచిన రోజు సంగతి వేరు.

ఉప్పుగూడ కుర్రాళ్ళూ కలిసి ఆడే మాదన్నపేట జట్టుకూ ఈ సేందీఖానాకూ ఒక ఆనవాయితీ ఉండేది. జట్టు గెలిచి వస్తే ప్రతి మనిషికీ మొదటి ముంత ఊరికే పోయాలి. దాని పేరు జీత్ కా లోటా, అంటే గెలుపు ముంత. మొదలుపెట్టినవాడు గుండయ్య తమ్ముడు రామ్‌చందర్. అతను ఆ జట్టులోనే ఫుల్ బ్యాక్ ఆడినవాడు. అందరిలాగే ఉత్త కాళ్ళతో ఆడేవాడు. ఆట మానేశాక అన్న దగ్గర కల్లు పోసే పనిలో కుదిరినా, మనసు మైదానం దాటి రాలేదు. 

కిందటేడు ఫైనల్ గెలిచారు. మైదానం నుంచి దారిపొడుగునా తాగుతూ వచ్చారు, ఇక్కడికొచ్చి లోటా తాగారు, లోటా మీద లోటా తాగారు. పోసిపోసి రామ్‌చందర్ చేతులు తిమ్మిరెక్కాయి. అప్పుడెవడికో అతని మీద ప్రేమ పొంగింది. "మన పాత ఫుల్ బ్యాక్‌రా వీడు!" అని భుజాల మీదికెత్తారు. ఎత్తినవాళ్ళ కాళ్ళు అప్పటికే వాళ్ళ మాట వినడం లేదు. రామ్‌చందర్ వెల్లకిలా నాపరాతి అరుగు అంచు మీద పడ్డాడు. వెనకవాళ్ళకు ముందు ఏం జరిగిందో తెలీదు. ఎగురుతూ వచ్చి అతని మీదే పడ్డారు.

ఎవరూ కొట్టలేదు. ఎవరికీ పగ లేదు. ప్రేమతో ఎత్తి, మైకంలో వదిలేశారు. అప్పట్నుంచి రామ్‌చందర్ నడుము కింద చచ్చుబడి, వెనక గదిలో నులక మంచం మీద ఉన్నాడు. కదిపితే కళ్ళు తేలేసేంత నొప్పి. ఇంకోసారి కుదుపు తగిలితే ఉన్న సగం కూడా పోతుందని డాక్టరు చెప్పాడు.

ఈ ఏడు జట్టు మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది.

సెమీఫైనల్ గెలిచారన్న రోజు నుంచి గుండయ్యకు అన్నం సయించలేదు. "మస్తు జట్టున్నది గౌడ్ సాబ్, కప్పు మనదే" అని ఎవడైనా అంటే వాడి మొహంలోకి చూడలేకపోయేవాడు. గుళ్ళో తమ జట్టు ఓడిపోవాలని మొక్కుకున్నాడు. ఈ మాట బయటికి పొక్కితే మొహల్లాలో బతకనివ్వరని ఆ భయం ఇంకొకటి.

చివరికి ఎవరికీ చెప్పకుండా ఠాణాకు పోయి పోలీసు అమీన్ ముందు నిలబడ్డాడు.

"సాబ్, ఫైనల్ రోజు పగటాల్లనించి సేందీ, సారా అన్ని బందు పెట్టియ్యాలె."

అమీన్ కాగితాల్లోంచి తలెత్తాడు. "నువ్వెవరు? మద్యనిషేధ సంఘమా?"

"కాదు సాబ్. సేందీ అమ్మేటోన్ని."

అమీన్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, తాగి వచ్చాడేమోనని దగ్గరికి పిలిచి వాసన కూడా చూశాడు. ఆ తర్వాత మాత్రం విన్నాడు. కిందటేటి గొడవ ఆయనకూ తలనొప్పి తెచ్చిందే. రెండు రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఫైనల్ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాటి పొద్దుటిదాకా ఆ ఠాణా హద్దులో సేందీ, సారా అమ్మకం బందు. 

నిషేధ సంఘంవారు ఇది తమ నైతిక విజయమని సభ పెట్టి దండలు వేసుకున్నారు. గుత్తదారు బాబురావు మాత్రం దుకాణానికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"మ్యాచంటే మనకు దీపావళి రా గుండయ్యా! ఏ దొంగనాకొడుకు పోయి చెప్పిండో, దొరికితే చర్మమొలుస్త!"

"హౌ సేట్, ఒలవాలె" అన్నాడు గుండయ్య, కుండ కడుగుతూ.

ఆర్డరు రావడంతో భయం తీరలేదు, దారి మార్చుకుంది. దుకాణం బందు పెట్టవచ్చు కానీ చెట్టును బందు పెట్టలేరు. ఫైనల్ రోజు పొద్దున కూడా కల్లు బండ్లు వస్తాయి. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి మంటలా ఎక్కుతుంది. తాళం వేసిన గేటు, లోపల నిండు కుండలు, బయట జీత్ కా లోటా అడిగే జనం. తాళం వేశాం అంటే లోపల సరుకుందని చాటింపు వేసినట్టే. గేటు విరుగుతుంది. గేటుకూ వెనక గదికీ మధ్య అడ్డం ఏమీ లేదు, ఆ నాపరాతి అరుగు తప్ప.

ముష్తాక్ దగ్గరికి పరుగెత్తాడు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన సిర్కా అనే వెనిగర్ తయారు చేసి పచ్చళ్ళవాళ్ళకు అమ్మే మనిషి అతను. గుండయ్యకు చిన్ననాటి దోస్తు. తన వాకిట్లో కల్లు చుక్క పడనివ్వడు కానీ, పులిసి సిర్కా కాబోయే కల్లు మీద అతనికి అభ్యంతరం లేదు.

"సరుకంత నాకియ్యి. నా మర్తబాన్ జాడీలల్ల పడితే నీ కల్లు గూడ తౌబా చేసి మంచిదైతది" అన్నాడు ముష్తాక్ నవ్వుతూ. గుండయ్య నవ్వలేదని చూసి గొంతు తగ్గించాడు. "ఏంది భాయ్, గింత ఫికర్ కైకు? రామ్‌చందర్‌ను గూడ మా ఇంటికి తెచ్చి పండబెట్టు."

"రానంటుండు. మంచం కదిపితే పానం పోతదట. అసలు మాట గది గాదు. గెలిస్తె కొట్టే మర్ఫా డోళ్ల చప్పుడు ఈడికెల్లి మంచిగ ఇనొస్తదట."

ముష్తాక్ తల కొట్టుకున్నాడు. "నడుము ఇరిగినంక గూడ బుద్ధి రాలే వానికి!"

ఫైనల్ రోజు మధ్యాహ్నానికల్లా ముష్తాక్ బండి వచ్చి కల్లంతా తీసుకుపోయింది. గుండయ్య గేటు బార్లా తెరిచి పెట్టాడు. చూసేవాడికి ఏమీ లేదని దూరం నుంచే తెలియాలి. కుండలన్నీ కడిగి, అరుగు మీదా పందిరి కిందా బోర్లించాడు.

గుడాల గంప లోపల పెట్టి వచ్చిన బాలమ్మ అది చూసి గుండె పట్టుకుంది.

"ఏం పనయ్యా గిది? గౌండ్లింట్ల కుండలన్ని బోర్లిస్తరా ఎవరన్న? ఇంట్ల ఎవరన్న పోతెనే గదా బోర్లిస్తరు!"

"కడిగినంక ఆరొద్దానే?"

"ఒక్కొక్కటి ఆరబెడ్తరు. గిట్ల అన్ని ఒక్కపారి ఎవరు పెడ్తరు? లోపట ఆ పిలగాడు పండుకోనున్నడు. అపశకునం, తియ్యి!"

గుండయ్యకు ఆమె మాట తెలియంది కాదు. చావు ఇంట కల్లు పొయ్యరు, కుండలు బోర్లిస్తారు, మూడో రోజు కర్మ అయ్యేదాకా తిప్పరు. ఆ రోజు అతనికి శకునాలు పట్టలేదు. ఖాళీ కుండ ఖాళీ అని కనబడాలి, అంతే. నిలబెట్టిన కుండలో ఏముందో చూడాలంటే లోపలికి రావాలి. ఒక్క మనిషి కూడా లోపలికి రాకూడదు.

గేటు దగ్గర ఇద్దరు జవాన్లను పెడతామని అమీన్ మాటిచ్చాడు. వాళ్ళు వచ్చారు, మంచినీళ్ళు తాగారు, మ్యాచ్ చూడ్డానికి పోయారు.

ఎండ పసుపు పచ్చబడింది. వీధి ఖాళీ. మొహల్లా మొత్తం మూసీ అవతల మైదానంలో ఉంది. గుండయ్య గేటు పక్కన గొంతుక్కూర్చుని చెవులు రిక్కించాడు. ఓడిపోతే మర్ఫా మోగదు. అతనికి కావలసింది నిశ్శబ్దం. రైలు వెళితే ఉలిక్కిపడ్డాడు. ఎక్కడో రేకు మీద రాయి పడితే లేచి నిలబడ్డాడు. గది లోపలి నుంచి తమ్ముడు అడుగుతూనే ఉన్నాడు.

"ఏమన్న ఇనొస్తుందా అన్నా?"

"ఏం లేదు. పండుకో."

"అయిపోయి ఉండాలె ఈపాటికి. ఓడిన్రా ఏంది?"

"ఓడిన్రు గావచ్చు" అన్నాడు గుండయ్య. అనుకోకుండా గొంతులో హాయి పలికింది.

అప్పుడే, మాదన్నపేట దిక్కు నుంచి, డోలు మీద కర్ర దెబ్బ. ఒకటి. తర్వాత మరొకటి. ఆ తర్వాత తెంపు లేకుండా మర్ఫా.

గుండయ్య లేచి నిలబడ్డాడు. చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపించింది. మార్కెట్ వైపు తిరుగుతారేమో, దర్గా వీధిలో పోతారేమో అని లెక్కలు వేసుకున్నాడు. ప్రతి మలుపూ వాళ్ళను ఇటే తెచ్చింది. బాలమ్మ గది గుమ్మంలో అడ్డంగా నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు దుమ్ము కనిపించింది. దుమ్ములోంచి జెండాలు, జెండాల కింద తలకాయలు. వీధి అంచుల్లోంచి పొంగినంత జనం. భుజాల మీద దండలతో ఉన్నది గోల్‌కీపర్ అస్లాం. "జీత్ కా లోటా! జీత్ కా లోటా!" అని అరుపులు.

గుండయ్య చేతులెత్తి గేటు మధ్యలో నిలబడ్డాడు.

ముందు వరస గేటు దాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ళ కళ్ళు గుండయ్య మీద లేవు, లోపలున్నాయి. అరుగు నిండా, పందిరి నిండా, బోర్లించిన కుండలు. గుమ్మంలో కొంగు నోట్లో పెట్టుకున్న బాలమ్మ.

అస్లాం భుజాల మీద నుంచి దిగాడు. చెయ్యెత్తాడు. మర్ఫా తడబడి ఆగింది.

"క్యా హువా గుండయ్య భాయ్?" అన్నాడు మెల్లగా. మళ్ళీ కుండల వైపు చూశాడు. "రామ్‌చందర్...?"

అవునని గుండయ్య అనలేదు. కాదని కూడా అనలేదు. తల దించుకున్నాడు. 

మాట వెనక్కి పాకింది. "చుప్, చుప్! గౌడ్ సాబ్ తమ్ముడు పోయిండంట." జెండాలు వాలాయి. అస్లాం మెడలోని దండలు తీసి నేల మీద పెట్టాడు. కిందటేడు ఎత్తిన చేతుల్లో అతనివీ ఉన్నాయి. ఆ ఎత్తినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా. ఎవడో వెక్కాడు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం గడిస్తే వెళ్ళిపోతారు, అనుకున్నాడు గుండయ్య. ముందు వరస వెనక్కి తిరగడం కూడా మొదలైంది.

"అన్నా!" లోపలి నుంచి గట్టిగా కేక. "ఎన్ని గోల్సో అడుగన్నా! మర్ఫా ఎందుకాపిన్రు?"

తిరిగిన ముందు వరస మళ్ళీ గేటు వైపు మళ్ళింది. ఇప్పుడు కొడతారు అనుకున్నాడు గుండయ్య. కొట్టినా బాగుండేది.

"జిందా హై!" అని అరిచాడు అస్లాం. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. "జిందా హై సాలా!"

వీధంతా గర్జించింది. మర్ఫా ఇందాకటి కంటే రెట్టింపు జోరుతో లేచింది. గుండయ్య గది వైపు పరుగెత్తి, బాలమ్మ పక్కన గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాడు. 

"వద్దు! కాళ్ళు మొక్కుత, ముట్టకుండ్రి! డాక్టర్ చెప్పిండు, కదిలిస్తే సస్తడు!"

వాళ్ళు అతనికి నమస్కారం పెట్టారు. భుజం తట్టారు. ఆ తర్వాత, ఎంతో మర్యాదగా, ఇద్దర్నీ ఎత్తి పక్కన పెట్టారు. మంచం బయటికి వచ్చింది.

తాగిన జనం మాత్రమే మనిషికి ప్రమాదమని తీర్మానాలు చేసేవాళ్ళు ఈ ఘట్టం చూసి ఉండాల్సింది. ఆ ముందు వరసలో ఒక్కడి నోటా చుక్క లేదు. అయినా మంచం ఎత్తారు. తేడా ఉంది, అది కూడా ఒప్పుకోవాలి. మంచం సమంగా లేచింది. అస్లాం తలవైపు ఒక కోడు పట్టాడు. గుండయ్య జనంలో దూరి, మోచేతులతో పొడిచి, రెండో కోడు దొరకబుచ్చుకున్నాడు.

"ఫికర్ నక్కో భాయ్" అన్నాడు అస్లాం పక్క నుంచి. "ఆజ్ పియే నై. ఏక్ బూంద్ బీ నై."

"మెల్లగ!" అని అరిచాడు గుండయ్య. "గుంతుంది, మెల్లగ!"

జనం దాన్ని అందుకుంది. "మెల్లగా! మెల్లగా!" అని మర్ఫా తాళానికి నినాదం చేసుకుని ఎగరసాగింది. 

మంచం మీద రామ్‌చందర్ పళ్ళు బిగించాడు. నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. పెదాలు నల్లబడ్డాయి. గుండయ్య ఆ పెదాలనే చూస్తూ నడిచాడు.

"నొస్తుందారా?"

"రెండో గోలు ఎవరు కొట్టిన్రన్నా?" అన్నాడు రామ్‌చందర్ పళ్ళ మధ్య నుంచి.

మార్కెట్ మలుపు దగ్గర సైకిళ్ళ మీదా జట్కాల మీదా ఇంకో గుంపు ఎదురొచ్చింది. ఇవతలి ఠాణా హద్దులో దుకాణాలు బందు. అవతల మలక్‌పేట వైపు ఏ ఆర్డరూ లేదు. వీళ్ళు ఆ దారిన, తీరుబడిగా, ప్రతి దుకాణం దగ్గరా ఆగుతూ వచ్చినవాళ్ళు. 

"అరే, మన ఫుల్ బ్యాక్! మమ్మల్ని గూడ భుజం బెట్టనియ్యుండ్రి!"

సారా వాసన ముందు వచ్చింది. దాని వెనక మనుషులు. కాళ్ళవైపు కోడు ఒకటి చేతులు మారింది. మంచం ఆ మూలకు వంగింది. రామ్‌చందర్ నులక మీద జారాడు. అంతసేపూ గోల్స్ గురించి అడిగిన గొంతు, "అన్నా!" అని ఒక్క కేక పెట్టింది.

గుండయ్య మోకాళ్ళు మడిచాడు. "దించు అస్లాం! దించు!"

అస్లాం కూడా వంగాడు. తలవైపు రెండు కోళ్ళూ దిగేసరికి మిగతావీ దిగక తప్పలేదు. మంచం నడివీధిలో నేలకు ఆనింది. గుండయ్య తమ్ముడి మీద కప్పులా వంగి, రెండు పట్టెలనూ చేతులతో పట్టుకున్నాడు. వీపు మీద ఎవడిదో మోకాలు గుద్దింది. ఇంకెవడో పడి లేచాడు. చొక్కా చిరిగింది. కళ్ళు మూసుకున్నాడు. అస్లాం మంచానికి ముందు, గోలు ముందు నిలబడ్డట్టే చేతులు చాపి నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు పక్కకు తోశాడు. తిట్లు, నవ్వులు, డప్పు మోత ఇటూ అటూ చీలి, మంచాన్ని చుట్టి, ముందుకు కదిలిపోయాయి.

"లే అన్నా" అన్నాడు రామ్‌చందర్ కిందనుంచి. "ఊపిరాడ్తలేదు."

మర్ఫా వినబడనంత దూరం పోయేదాకా గుండయ్య లేవలేదు. లేచాక తమ్ముడి ఒళ్ళంతా తడిమి చూశాడు. నడుం పైన స్పర్శ ఉంది, వేళ్ళు కదులుతున్నాయి. అస్లాం, మార్కెట్ పక్క నుంచి పరుగెత్తుకొచ్చిన ముష్తాక్, ఇంకెవరో ఇద్దరు మంచాన్ని ఇంటికి చేర్చారు. రామ్‌చందర్ నెల రోజులు జ్వరంతో పడుకున్నాడు. అప్పుడు కూడా బాలమ్మ ఆ బోర్లించిన కుండలనే తిట్టింది.

మరుసటి సంవత్సరం పోటీలు మొదలవకముందే గుండయ్య మళ్ళీ బయల్దేరాడు. ఇవతలి అమీన్ సరేనన్నాడు. అవతలి ఠాణాలో నవ్వారు. "ఉప్పుగూడలో కల్లమ్మేవాడివి, మలక్‌పేటలో దుకాణాలు మూయించమంటున్నావా? బేరం నీ దిక్కు మలుపుకోవాలనా?" అన్నారు. భయపడి వచ్చానని చెప్పాడు. గెలిస్తే ఏమవుతుందోనని భయం, అని విడమరిచి చెప్పాడు. వ్యాపారం తెలివి ఇంత బాగా దాచుకునే మనిషిని ఇంతవరకు చూడలేదని మెచ్చుకుని పంపేశారు.

ఆ ఏడు మాదన్నపేట జట్టు సెమీఫైనల్లోనే ఓడింది. మొహల్లాలో ఆ పూట చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. గుండయ్య మాత్రం బాలమ్మ చేత అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. మంచం మీద నుంచి రామ్‌చందర్ అతను తినడం చూసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అన్నతో మాట్లాడడానికి అతనికి చాలా రోజులు పట్టింది.